గాయనికి లాప్‌టాప్ తాళం వెయ్యాలా, లాప్‌టాప్ తాళానికి గాయని పాడాలా?

లీలామహల్ కుర్రోడు (తిరుపతి):

అందరికీ నమస్కారం. లీలామహల్ సర్కిల్ దగ్గర పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసే షాపులో పని చేస్తాను. రాత్రిళ్లు ఇంట్లో నా లాప్‌టాప్ మీద మ్యూజిక్ చేసుకుంటుంటాను. మా పెద్దమ్మ కూతురు ఇక్కడి ఎస్వీ సంగీత నృత్య కళాశాలలో గాత్రం నేర్చుకుంది. వంటింట్లో తాలింపు వేస్తూ ఊరికే కూనిరాగం తీసినా కింద వాటావాళ్లు టీవీ సౌండు తగ్గించి వింటారు. అలాంటి గొంతు. డ్రమ్ బీట్లు, బేస్ అన్నీ బెంగళూరులో ఉద్యోగం చేసే నా ఫ్రెండువి. చేసినవి డ్రైవ్‌లో పెడతాడు, నేను దించుకుంటాను. ఈ మధ్య చంద్రగిరి నుంచి మృదంగం వాయించే తమ్ముడొకడు కలిశాడు. గ్రూపుకి పేరింకా పెట్టలేదు. పేరు మీద జరిగినన్ని గొడవలు పాటల మీద జరగలేదు.

మేం చేసేది డీజే టైపు కాదు. 80, 85 బీపీఎంలో (నిమిషానికి అన్ని దెబ్బలు) నిదానంగా నడిచే ఎలక్ట్రానిక్ మ్యూజిక్, దాని మీద అక్క గొంతు. కొన్ని అన్నమయ్య పదాలు, కొన్ని అక్క సొంతంగా రాసుకున్నవి.

అసలు చిక్కు ఇది. ఫోన్లో తంబుర పెట్టుకుని పాడితే అక్క పాటకి ఒళ్లు జలదరిస్తుంది. అదే పాటని హెడ్‌ఫోన్లో క్లిక్ (టిక్కు టిక్కుమని తాళం చెప్పే శబ్దం) పెట్టి పాడమంటే ఎక్కం అప్పజెప్పినట్టు పాడుతుంది. ఒక్క ఉదాహరణ చెబుతాను. ఒక చరణం చివర పై షడ్జం మీద నిలబడి, అక్కడి నుంచి నిషాదం మీదుగా జారుతూ కిందికొచ్చి సమం (తాళంలో మొదటి దెబ్బ) మీద దిగాలి. అక్క దిగుతుంది కానీ, ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా దిగుతుంది. స్క్రీన్ మీద చూస్తే బీటు గీతకి దాదాపు 90 మిల్లీసెకన్లు వెనక ఉంటుంది. దాన్ని లాగి గీత మీద పెడితే ఆ జారుడులో ఉన్న అందమంతా పోతుంది. పెట్టకుండా వదిలేస్తే కిక్ డ్రమ్ము ముందు, గొంతు వెనక. రెండు దెబ్బలు పడ్డట్టు వినిపిస్తుంది. బెంగళూరువాడేమో 'క్వాంటైజ్ కొట్టెయ్‌రా, ఎవరు పట్టించుకుంటారు' అంటాడు, అంటే అన్నీ లాగి గీతల మీద పెట్టెయ్యమని. నేను పట్టించుకుంటాను. అదీ టెన్షన్.

లైవ్‌లో ఇంకో బాధ. రేణిగుంట రోడ్డు వైపు ఒక కళ్యాణ మండపంలో రిసెప్షన్‌కి పాడాం. మానిటర్‌లో (స్టేజీ మీద పాడేవాళ్లకి వినిపించే స్పీకర్) అక్క గొంతు అక్కకే లేటుగా వినిపించింది. పైగా సన్నగా 'గుయ్' అని ఒకటే హమ్. పెళ్లికూతురి మేనమామ స్టేజీ ఎక్కి సినిమా పాటలు లేవా అని అడిగాడు, అది వేరే సంగతి. మృదంగం తమ్ముడి గురువుగారు కూడా వచ్చి ఉన్నారు. అంతా అయ్యాక అక్కని పిలిచి 'ఏమ్మా, ఆ డబ్బా నీకు తాళమేస్తా ఉండాదా, నువ్వే దానికి తాళమేస్తా ఉండావా?' అని ఒక్క మాట అని భోజనానికి వెళ్లిపోయారు. అప్పటి నుంచి నాకు అదే చెవుల్లో మోగుతోంది.

గాత్రం, లాప్‌టాప్ కలిపి చేసేవాళ్లు ముందు ఏది రికార్డు చేస్తారు? గొంతుకి పిచ్ కరెక్షన్ (శ్రుతి తప్పిన స్వరాన్ని సరిచేసే సాఫ్ట్‌వేర్) వాడొచ్చా? ఆ లేటు సంగతేంటి? తెలిసినవాళ్లు చెప్పండి.

మదనపల్లె మైక్‌సెట్:

తమ్ముడూ, లైవ్ సంగతి వరకు నేను చెబుతాను. మిగతావి సంగీతం తెలిసినవాళ్లు చూసుకుంటారు.

నువ్వు అక్క మైకుని లాప్‌టాప్‌లోకి పంపి, అందులో రివర్బ్ (పెద్ద హాల్లో మోగినట్టు వినిపించే ఎఫెక్టు) కలిపి, మళ్లీ బయటికి తీసి మానిటర్‌కి ఇచ్చుంటావు. అందుకే లేటు. బఫర్ (లాప్‌టాప్ సౌండుని ఒక్కోసారి ఎంత ముక్కగా తీసుకుంటుందో ఆ లెక్క) 512లో ఉందనుకో, 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర అది 11.6 మిల్లీసెకన్లు. పోవడానికి అంత, రావడానికి అంత. డ్రైవరు, ఇంటర్‌ఫేస్ తినేది వేరే. బఫర్ 128కి దించితే 2.9 అవుతుంది, కానీ నీ సింథ్‌లు (లాప్‌టాప్‌లోనే సౌండు పుట్టించే వాయిద్యాలు) ఎక్కువైతే ప్రాసెసర్ తట్టుకోక చిటపటలొస్తాయి. ఎండాకాలం తిరుపతిలో, ఫ్యాను కూడా సరిగా లేని స్టేజీ మీద లాప్‌టాప్ ఎట్లా కాగుతుందో నీకే తెలుసు. ప్రోగ్రాముకి ముందే సింథ్ ట్రాకులన్నీ ఫ్రీజ్ చేసి (రెడీ ఆడియోగా మార్చి) పెట్టుకో.

అన్నిటికన్నా మంచి పని, అక్క గొంతుని లాప్‌టాప్‌కి వెళ్లకముందే మిక్సర్‌లో చీల్చి నేరుగా ఆమె మానిటర్‌కి ఇవ్వడం. లాప్‌టాప్ నుంచి రివర్బ్ మాత్రమే రానీ. రివర్బ్ కాస్త వెనకొచ్చినా ఎవరికీ తెలీదు. ఇంకోటి, సౌండు గాల్లో ఒక మీటరు నడవడానికే 3 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. మానిటర్ బాక్సు నాలుగు మీటర్ల అవతల పెడితే అక్కడే 12 పోయింది. కాళ్ల దగ్గరికి జరుపు.

హమ్ వచ్చేది చార్జర్ వల్ల అయ్యుంటుంది. చార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి చూడు. హమ్ ఆగితే అది గ్రౌండ్ గొడవే. లాప్‌టాప్‌కీ మిక్సర్‌కీ మధ్య ఐసొలేషన్ ఉన్న డీఐ బాక్సు (రెండింటి గ్రౌండునీ విడగొట్టే చిన్న పెట్టె) పెట్టుకుంటే సరి. కళ్యాణ మండపాల వైరింగ్ గురించి మాత్రం నన్ను అడగొద్దు, పొద్దుపోతుంది.

పలమనేరు టీచరమ్మ:

బాబూ, నేను పిల్లలకి సంగీతం చెబుతాను. లాప్‌టాప్ నాకు రాదు. కానీ మీ అక్క ఆలస్యంగా దిగుతోందని రాశారే, అది ఆలస్యం కాదు. ఆ అమ్మాయికి సమం ఎక్కడుందో తెలిసే దాన్ని దాటి దిగుతోంది. తాళం తెలియనివాళ్లు ఒకసారి ముందు, ఒకసారి వెనక పడతారు. అదే చోట, ప్రతిసారీ అంతే దూరంలో దిగుతోందంటే అది ఆమె నడక. దాన్ని సరిచెయ్యకండి.

ముందు గొంతు. తంబుర ఒక్కటే పెట్టి, చేత్తో ఆది తాళం వేసుకుంటూ పాడమనండి. తర్వాత మీ బీటు దాని కింద పేర్చుకోండి. తాళం వేసే చెయ్యి తొడకి తగిలే శబ్దానికి ఇంకో మైకు పెడితే మీకు దెబ్బలన్నీ అందులోనే దొరుకుతాయి.

పిచ్ కరెక్షన్ గమకాన్ని, అంటే స్వరం ఊగడాన్ని, తప్పనుకుంటుంది. తోడిలో గాంధారం ఒక చోట నిలబడేది కాదు, రిషభం నుంచి మధ్యమం దాకా ఊగుతుంది. ఊగితేనే తోడి. ఆ ఊగేదాన్ని మిషను పట్టుకుని దగ్గర్లో ఉన్న మెట్టు మీద కూర్చోబెడితే ఇంకేం మిగిలింది?

ఇంకొక మాట. మీరు వెనక వేసే కార్డుల్లో (కొన్ని స్వరాలు కలిపి ఒక్కసారే మోగించేవి) గాంధారం కీబోర్డుది. తంబుర తీగలో పుట్టే అంతర గాంధారం దానికన్నా తక్కువలో ఉంటుంది. మీ లెక్కల్లో 14 సెంట్లు (కీబోర్డులో పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు) అంటారట, మా అబ్బాయి చెప్పాడు. అక్క తంబురకి కలిపి పాడుతుంటే వెనక ఆ కార్డు మోగితే కిచకిచలాడుతుంది. పంచమానికి ఆ బాధ లేదు, తేడా రెండు సెంట్లే. కాబట్టి వెనక సా, పా పరచండి. చాలు.

లీలామహల్ కుర్రోడు:

టీచరమ్మ గారూ, తాళం చేతికి మైకు పెట్టమన్నది మాత్రం అదిరింది. ఈ రోజే పెడతాను. కానీ సా, పా తప్ప ఇంకేం వద్దంటే మా బెంగళూరువాడు అలుగుతాడండీ. సెవెన్త్, నైన్త్ కార్డులు లేకపోతే అది సోల్ మ్యూజిక్ ఎట్లా అవుతుందంటాడు. నాకూ ఆ కార్డులిష్టమే. ఒట్టి సా, పా అంటే గుడిలో పెట్టే తంబుర యాప్‌కీ మాకూ తేడా ఏముంటుంది?

వైట్‌ఫీల్డ్‌లో చిత్తూరోడు:

నేనూ ఇదే బాపతు. పొద్దున ఆఫీసు, రాత్రి ఏబుల్‌టన్ (మ్యూజిక్ చేసే సాఫ్ట్‌వేర్). రెండు పక్షాలకీ రాజీ కుదిర్చే మాటొకటి చెబుతాను.

హంసధ్వని స్వరాలు సా రి గా పా ని. ఐదూ కలిపి కీబోర్డు మీద ఒక్కసారి నొక్కు. అది మేజర్ నైన్త్ కార్డు! మోహనం స్వరాలు ఐదూ కలిపి నొక్కితే సిక్స్ నైన్ కార్డు. అంటే ఆ రెండు రాగాల్లో మీవాడు అడిగే సోల్ కార్డులు రాగం దాటకుండానే దొరుకుతాయి. పైగా తోడితో పోలిస్తే ఈ రెంటిలో గాంధారం నిలకడగానే ఉంటుంది. ఇక ఆ 14 సెంట్ల గొడవ. ఇప్పటి సింథ్‌లు చాలావాటిలో ఒక్కో స్వరాన్నీ విడిగా దించుకోవచ్చు. ఏబుల్‌టన్ లైవ్‌లో అయితే 2024లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి ట్యూనింగ్ సిస్టమ్‌లు లోపలే ఉన్నాయి. గాంధారం దించి పెట్టుకుంటే టీచరమ్మ గారు కూడా ఒప్పుకుంటారు. తోడి, భైరవి లాంటివాటిలో మాత్రం ఆవిడ చెప్పిందే వేదం. కార్డులు కట్టిపెట్టి సా, పాతో సరిపెట్టుకోండి.

పిచ్ కరెక్షన్ మీద ఒక ముచ్చట. ఆటోట్యూన్ 1997లో వచ్చింది. దాన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు కోసం భూమిలోపలి నుంచి తిరిగొచ్చే ప్రకంపనలని లెక్కగట్టే పని చేసేవాడు. ఆ లెక్కలే గొంతుకీ పనికొచ్చాయి. పన్నెండు మెట్ల పాటలకి అది బాగానే ఉంటుంది. మన గమకానికి మాత్రం ఆటోమేటిక్‌గా పెట్టొద్దు. నిజంగా జారిన స్వరం ఏదైనా ఉంటే ఆ ఒక్కదాన్నే చేత్తో సరిచేసుకోవాలి. నన్నడిగితే అదీ వద్దు, ఇంకోసారి పాడించుకోవడమే మేలు.

ఇలాంటి గ్రూపులు ఎలా నడుస్తాయని ఎవరూ అడగలేదు గానీ చెబుతాను, నాకిది పిచ్చి. ఇంగ్లండులో బ్రిస్టల్ ఊరివాళ్లు మాసివ్ ఎటాక్. తొలి ఆల్బమ్ 1991లో తెచ్చారు. పార్టీల్లో రికార్డులు వేసే సౌండ్ సిస్టమ్ ముఠా నుంచి వచ్చినవాళ్లు. మిషన్ల దగ్గర వీళ్లుంటే, గొంతు ఒక్కో పాటకి ఒక్కొక్కరిది. షారా నెల్సన్ సోల్ గొంతు ఒక పక్క, జమైకా రెగే గాయకుడు హొరేస్ ఆండీ ఇంకో పక్క. లండన్‌లో జీరో 7 అని ఇద్దరు స్టూడియో ఇంజినీర్లు 2001లో తొలి ఆల్బమ్ తెస్తే, అందులో సియా, సోఫీ బార్కర్, మోజెజ్ పాడారు. అమెరికాలో ది పోస్టల్ సర్వీస్ మరీ మీలాంటి కేసు. బీట్లు చేసేవాడు లాస్ ఏంజెలిస్‌లో, పాడేవాడు సియాటిల్‌లో. పోస్టులో రికార్డింగులు పంపుకుంటూ 2003లో ఆల్బమ్ తెచ్చారు. ఆ గ్రూపు పేరు కూడా అక్కడి నుంచి వచ్చిందే. మీకు డ్రైవ్ ఉంది, ఇంకేం కావాలి?

ఫైళ్ల దగ్గర మాత్రం ఒక కట్టుబాటు పెట్టుకోండి. ఇద్దరూ ఒకే శాంపిల్ రేట్, 24 బిట్. ప్రతి స్టెమ్మూ (ఒక్కో వాయిద్యం విడి ఫైలు) పాట మొదటి సెకను నుంచే మొదలవ్వాలి, మొదట్లో సైలెన్స్ ఉన్నా సరే. ఫైలు పేరులోనే బీపీఎం, శ్రుతి రాయాలి. లేకపోతే ఐదున్నర శ్రుతిలో అక్క పాడిన పాటకి మీవాడు ఐదులో బేస్ పంపుతాడు, ఆదివారం మొత్తం దానికే పోతుంది.

సన్నిధి వీధి:

కటువుగా ఉంటే ఏమీ అనుకోవద్దు. పొద్దున లేస్తే మైకుల్లో అన్నమయ్య కీర్తనలు వింటూ పెరిగినవాళ్లం. వాటి కింద ఈ దుమ్ము దుమ్ము అవసరమా? బీటు కావాలంటే మన గంగమ్మ జాతరలో లేదా? మే నెలలో వచ్చి తాతయ్యగుంట గుడి దగ్గర నిలబడు. పంబ, డప్పు మోగుతుంటే వేషాలు కట్టినవాళ్లు ఎట్లా ఊగుతారో చూడు. ఏ కంప్యూటరూ అది చెయ్యలేదు. ఆ బీటు వాడుకో, నీ పాటలు నువ్వు రాసుకో. స్వామివారి పదాలు వదిలెయ్.

పలమనేరు టీచరమ్మ:

పంబ సంగతి మీరన్నది నూరు పాళ్లు నిజం. అన్నమయ్య సంగతి మాత్రం ఒప్పుకోను. ఆయన సువ్వి పాటలు రాశాడు, వసంతోత్సవాల్లో పాడే జాజర పాటలు రాశాడు, లాలి పాటలు రాశాడు. రోట్లో దంచే ఆడవాళ్ల దరువు ఆయనకి అంటు కాలేదు. కచేరీల్లో ఎలక్ట్రానిక్ తంబుర మనమంతా ఎప్పుడో ఒప్పుకున్నాం, అదీ మిషనే కదా. మాట స్పష్టంగా వినిపించాలి, అర్థం చెడకూడదు. నాకు ఆ రెండే షరతులు.

కానీ బాబూ, ఒక సంగతి గమనించు. అన్నమయ్య పోయింది 1503లో. పదాలకి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రాగిరేకుల మీద పదం పైన రాగం పేరు ఉంటుంది గానీ స్వరాలు లేవు. అంటే ఈ రోజు మనం వినే చాలా వరుసలు గత శతాబ్దంలో పెద్దవాళ్లు కట్టినవి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు. పదం పాతదని వరుస కూడా ఎవరిదీ కాదనుకోకూడదు.

వైట్‌ఫీల్డ్‌లో చిత్తూరోడు:

టీచరమ్మ గారు చెప్పింది చాలా ముఖ్యం. మన కాపీరైట్ చట్టంలో వరుస కట్టినవారి హక్కు వారు పోయాక 60 ఏళ్లు ఉంటుంది. రాళ్లపల్లి వారు పోయింది 1979లో, కాబట్టి 2039 దాకా అన్నమాట. రికార్డింగుకి విడిగా ఇంకో 60 ఏళ్లు, అది విడుదలైన ఏడాది నుంచి. పాత క్యాసెట్‌లోంచి రెండు సెకన్లు కోసి లూపులో పెడదామన్నా అనుమతి కావాలి.

మీ దగ్గర సంగీత కళాశాలలో చదివిన మనిషి ఉంది. జనం నోట్లో నలగని పదం ఒకటి తీసుకుని అక్క చేతే కొత్త వరుస కట్టించండి. వరుస మీదే, రికార్డింగ్ మీదే. పాట పూర్తయిన రోజే ఎవరి వాటా ఎంతో ఒక కాగితం మీద రాసుకుని నలుగురూ సంతకాలు పెట్టండి. ఫ్రెండ్సే కదా అనుకోవద్దు, ఫ్రెండ్స్ కాబట్టే రాసుకోవాలి.

లీలామహల్ కుర్రోడు:

అందరికీ థాంక్స్. జరిగింది చెబుతాను.

టీచరమ్మ గారు చెప్పినట్టే చేశాం. గదిలో ఫ్యాను ఆపి, కిటికీకి దుప్పటి కట్టి, అక్కకి ఒక మైకు, తాళం వేసే చేతి దగ్గర ఇంకోటి పెట్టాం. హంసధ్వనిలో అక్క సొంత వరుస. క్లిక్ లేదు. ఆ చేతి దెబ్బల ట్రాకు తీసుకుని, ఒక్కో ఆవర్తనం (తాళం ఒక చుట్టు) మొదట్లో వార్ప్ మార్కర్ (బీటు ఇక్కడని సాఫ్ట్‌వేర్‌కి చెప్పే గుర్తు) పెట్టి, ఆ క్లిప్పునే లీడర్‌గా పెట్టాను. ఇప్పుడు ప్రాజెక్టు టెంపో మొత్తం అక్క చెయ్యి ఎటు పోతే అటు పోతోంది. పల్లవిలో 78 ఉంటే, అనుపల్లవికి 81 దాకా ఎక్కుతోంది. చరణంలో మళ్లీ దిగుతోంది. వింటుంటే ఎక్కడా తెలీదు. బీటు కూడా మనిషి వాయించినట్టే ఉంది. ఆ 90 మిల్లీసెకన్లని ముట్టుకోలేదు. ఆ ఒక్క చోట కిక్ తీసేశాను. అక్క దిగాకే బేస్ మొదలవుతుంది. మొత్తం పాటలో నాకు నచ్చిన చోటు ఇప్పుడదే.

బెంగళూరువాడు మేజర్ నైన్త్ చూసి ఎగిరి గంతేశాడు. గాంధారం దించిన సంగతి వాడికి చెప్పలేదు, కనిపెడతాడేమో చూద్దాం. సన్నిధి వీధి అన్నా, పంబ వాయించేవాళ్లని కలిసి, ఒప్పుకుంటే డబ్బిచ్చి రికార్డు చెయ్యాలని ఉంది. జాతర రద్దీలో కాకుండా విడిగా. నీకు తెలిసినవాళ్లుంటే చెప్పు.

సన్నిధి వీధి అన్న ఏమన్నా అనుకోనీ, అన్నమయ్య మాత్రం మా లిస్టులో ఉంటాడు.

మిగిలింది లైవ్. స్టేజీ మీద వార్ప్ మార్కర్లు పెట్టుకుంటూ కూర్చోలేను కదా. అక్కడ ఏం చేస్తారు?

మదనపల్లె మైక్‌సెట్:

మృదంగం తమ్ముడున్నాడు కదా, వాడి చేతికిచ్చెయ్. ఏబుల్‌టన్ లైవ్ 11వ వెర్షన్ నుంచి టెంపో ఫాలోయర్ అని ఉంది, బయటి నుంచి వచ్చే సౌండు విని లాప్‌టాప్ తన వేగం మార్చుకుంటుంది. గొంతుకి సరిగా పట్టదు, దెబ్బ తెలిసే వాయిద్యమైతే బాగా పడుతుంది. తమ్ముడు ఎట్లాగూ అక్కనే చూసి వాయిస్తాడు, లాప్‌టాప్ తమ్ముణ్ణి వింటుంది. తనియావర్తనం (మృదంగం ఒక్కటే వాయించే భాగం) మొదలెట్టినప్పుడు మాత్రం దాన్ని ఆపెయ్, లేకపోతే వాడి లెక్కలకి నీ మిషను గింగిరాలు తిరుగుతుంది.

లీలామహల్ కుర్రోడు:

సూపర్ అన్నా. మైకు ఏ పక్క పెట్టాలి, కుడిపక్కా ఎడమపక్కా?

మదనపల్లె మైక్‌సెట్:

లాప్‌టాప్‌కి కుడిపక్కదే ఇవ్వు, అక్కడ దెబ్బ టక్కున తెగుతుంది. ఎడమపక్క గుమ్కీ గుమ్మని సాగుతుంది, లాప్‌టాప్ తికమకపడుతుంది. జనానికి మాత్రం రెండు పక్కలా మైకు పెట్టి వినిపించు. డీఐ బాక్సు కొన్నావా లేదా?

లీలామహల్ కుర్రోడు:

జీతం రాగానే అన్నా.